దేవుడే చెప్పాక ఇంక ఆలోచించడం దేనికి?

సత్యాన్ని దేవుడే చెప్పాడని నమ్మితే, మన బుద్ధితో వెతకడం దండగేనా? తొలి క్రైస్తవులు దీనికి ఒకే జవాబు ఇవ్వలేదు.

జస్టిన్ అనే ఆయన స్టోయిక్కులు, పైథాగరస్ శిష్యులు, ప్లేటో వాళ్లు... అందరి దగ్గరా తిరిగి చివరికి క్రైస్తవుడయ్యాడు. అయినా తత్త్వవేత్త వేషం వదల్లేదు. సోక్రటీస్ వివేకంలోనూ దైవవాక్కు అంశ ఉందన్నాడు. 165 ప్రాంతంలో రోమ్‌లో తన విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడు.

తర్వాత, 200 ప్రాంతంలో, కార్తేజ్‌కి చెందిన టెర్టులియన్ అడ్డం తిరిగాడు. ఏథెన్స్‌కీ యెరూషలేముకీ పొత్తే లేదని, తప్పుడు బోధలన్నీ తత్త్వశాస్త్రం నుంచే పుట్టాయని ఆయన వాదం.

నా మొగ్గు జస్టిన్ వైపే. దేవుడు చెప్పినా, అర్థం చేసుకోవాల్సింది మన బుద్ధే కదా! అంతెందుకు, టెర్టులియన్ కూడా వాదించే ఒప్పించాలని చూశాడు. అలాగని ఆయన భయాన్ని కొట్టిపారేయలేం. వాదనలో గెలవడం వేరు, మనిషి మారడం వేరు.

మన కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణే ప్రశ్నిస్తాడు. ఆ జ్ఞానం ఉత్త తర్కంతో దొరకదని చెప్పేదీ అదే ఉపనిషత్తు. "గురువుగారు చెప్పారు" అని ప్రశ్న ఆపేసినా, అన్నీ డిబేట్ చేసి ఏదీ ఆచరించకపోయినా, నష్టం మనకే. అడగాలి, తెలిశాక నడవాలి. మీరేమంటారు?