నియామకుని ఒప్పుదల
ధ్యానభాగము: దానియేలు 1:8–16

మనము దానియేలును పొగడుదుము గాని నియామకుని మరచిపోవుదుము. బంధీలైన నలుగురు పడుచువారు తమ భోజనమును పది దినములు పరీక్షింపుమని వేడుకొనగా, అతడు కోపపడక ఒప్పుకొని, పిమ్మట వారి ముఖములను చూచెను.

ఇట్టి పరీక్ష జపాను నౌకాదళములోను జరిగెను. 1883లో ర్యూజో అను ఓడ దూరప్రయాణము చేసి తిరిగి వచ్చెను. అందలి 376 మందిలో 169 మందికి కాళ్లు చచ్చుబడు బెరిబెరి రోగము పట్టి, 25 మంది చనిపోయిరి. వారు తినినది ముఖ్యముగా తవుడు పోవునట్లు దంపిన తెల్లన్నమే. వైద్యుడు తకాకి కనెహిరో 1884లో త్సుకుబ అను ఓడను అదే మార్గమున పంపించి, అన్నము తగ్గించి మాంసము, రొట్టె, పాలు పెట్టించెను. (దానియేలు విడిచిన మాంసమే ఇక్కడ వడ్డించిరి, మనము చూచు పోలిక వంటకములో లేదు, పరీక్షలో ఉన్నది.) ఆ రోగముతో ఒక్కడును చావలేదు. మాంసకృత్తుల కొరతయే కారణమని తకాకి తలంచుట పొరపాటే. తవుడుతో పోవు బి1 విటమిను సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. అయినను ఆయన లెక్క నిజమైనది.

భూసైన్యపు పెద్ద వైద్యులు ఆ లెక్కను త్రోసివేసి, రోగము క్రిమివలననే వచ్చుననిరి. 1904–05లో రష్యాతో జరిగిన యుద్ధములో వారి సైనికులు సుమారు 27,000 మంది బెరిబెరితో చనిపోయిరి. వారు పగవారు కారు. తెల్లన్నము పెట్టుటయే సైనికునికి గౌరవమని తలంచిరి. మన యిండ్లలోను అంతే గదా: తెల్లన్నము పిల్లలకు, తవుడు గేదెకు.