రెండు వ్యవస్థలు, ఒక తూనికరాయి

ఈ పత్రికను కూర్చుచు వచ్చిన మా పాత కంప్యూటరు పని ముగిసినది. విండోస్ 10 కు మైక్రోసాఫ్టువారి రక్షణ 2025 అక్టోబరు 14 తో ఆగిపోయెను. విండోస్ 11 ను మోయు శక్తి ఆ యంత్రమునకు లేదు. గనుక సంఘపు కానుకలతో క్రొత్తది కొంటిమి. అందులో విండోస్ ఒక్కటే యుంచవలెనా, దాని ప్రక్కన లినక్సును కూడ నిలుపవలెనా అను ప్రశ్న రొంపిచెర్లలోని మా యింట రెండు వారములు నలిగినది. ఇంత చిన్న సంగతికి అంత చర్చ యేల అందురేమో.

నరసరావుపేటలో యంత్రము నమ్మిన అబ్బాయి, "అయ్యగారూ, పేజ్ మేకరు, తెలుగు ఫాంట్లు అన్నీ ఊరికే వేసి ఇస్తాను" అనెను. సంతోషముతో తల ఊపబోతిమి. అంతలో పాత యంత్రములోనికి అవి యెట్లు వచ్చినవో జ్ఞాపకమునకు వచ్చెను. అవియు అట్లే వచ్చినవి. వెల యిచ్చినది లేదు, అనుమతి అడిగినది లేదు. దొంగతనమును గూర్చిన ఆజ్ఞను సయితము తొమ్మిదేండ్లు ఆ నకలుతోనే వివరించి అచ్చు వేయించితిమి!

మా యౌవనస్థులలో ఒకడు వాదించెను: "పేజ్ మేకరు ఏడవ కూర్పు 2001 లో వచ్చింది, అదే చివరిది. చేసినవారే వదిలేసినదానిని మనం వాడుకుంటే ఎవరికి నష్టం, అయ్యగారూ?" ఈ మాట మమ్మును కొంతకాలము పట్టుకొనెను. అయితే పొలము బీడుపడినంత మాత్రమున పట్టా మారునా? నష్టపడువాడు కంటికి కనబడుట లేదు గనుక పాపము లేదనుట మాకు రుచింపలేదు.

లినక్సు సంగతి వేరు. ఫిన్లండు దేశములో లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991 లో దానికి మూలమును వ్రాసెను. నకలు తీసుకొనుటకును, మార్చుకొనుటకును, పొరుగువానికి ఇచ్చుటకును దాని అనుమతిపత్రమే సెలవిచ్చుచున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. సిలికానాంధ్రవారి సూరన్న, మండలి, గురజాడ మొదలగు ఫాంట్లు కూడ ఉచితముగానే దొరకుచున్నవి.

మరి విండోస్‌ను తీసివేయరాదా? దాని వెల యంత్రముతోపాటు చెల్లించితిమి. మా అమ్మాయి చదువునకు అది కావలెను. ఒక సంఘపెద్ద నవ్వుచు, ఇద్దరు యజమానులను గూర్చిన వాక్యమును ఎత్తిరి. అయ్యా, ఈ పెట్టెయే మనకు దాసుడు! డిస్కును రెండు భాగములు చేసిన పిమ్మట, మీట నొక్కగానే ఏది కావలెనని అడుగును. ఒకసారి ఒకటే నడచును. మాకు తోచిన లేఖనము ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములోనిది. అక్కడ ధర్మశాస్త్రము ఒకే సంచిలో వేరువేరు తూనికరాళ్లను నిషేధించినది. పత్తి, మిరప అమ్ముకొను మా ప్రాంతపు రైతులకు కాటా మోసమెట్టిదో బోధకుడు నేర్పనక్కరలేదు. ప్రసంగపీఠముమీద ఒక రాయి, వ్రాతబల్లమీద ఒక రాయి యుంచుకొన్నవారము మేమే.

గనుక రెండు వ్యవస్థలను ఉంచితిమి. ఊరక వచ్చు నకలును వలదంటిమి. ఇట్లు చేయదలచినవారు ముందుగా తమ వ్రాతలన్నిటిని వేరొకచోట భద్రపరచుకొనవలెను, డిస్కు విభాగించునప్పుడు పొరపాటు జరిగిన యెడల అవి తిరిగి రావు. ఒక వింత కూడ చెప్పెదము. లినక్సు గడియారమును గ్రీనిచ్ కాలమునకు పెట్టును, విండోస్ దానినే మన స్థానిక కాలమని చదువును. మొదటి ఆదివారము ఉదయము పది గంటలకు మా తెరపై నాలుగున్నర కనబడెను! ఆ అయిదున్నర గంటల తేడా ఒక చిన్న ఆజ్ఞతో సరియైనది.

పాత సంచికల బాధ మాత్రము అంత సుళువుగా తీరలేదు. ఆనాటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల సంకేతములమీద తెలుగు రూపములను తొడిగినవి. ఆ ఫాంటు లేనిచోట అంతయు చిందరవందర గుర్తులే. యూనికోడు తొలి కూర్పులోనే, 1991 లో, మన లిపికి చోటు దొరికినది గాని మేము మేలుకొనలేదు. ఇప్పుడు ఒక్కొక్క సంచికను మార్చుచు వత్తులు దిద్దుకొనుచున్నాము. దానికొరకు పాత యంత్రమును, అందులోని ఆ నకలును, ఇంకను తెరువవలసి వచ్చుచున్నది. మా అమ్మాయి, "ఇదెన్నాళ్లు నాన్నగారూ?" అని అడిగినది. సంచికలు నూటికి పైగా ఉన్నవి. ఇప్పటికి ఏడు పూర్తియైనవి.