కట్టించువాడును కర్తయే

హైదరాబాదునకు దక్షిణమున, రంగారెడ్డి జిల్లాలో జల్‌పల్లి కలదు. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము ఆరంభమైన పిదప ఆ చుట్టుపట్ల కొత్త ఇండ్లు విస్తారముగా లేచినవి. ఇట్టి చోట్ల సామాన్య గృహస్థు తన సొమ్మునకు తగిన ఉపాయ మొకటి ఎన్నుకొనుట కలదు. పునాది, గోడలు, స్లాబు వరకు మేస్త్రీకి గుత్తకిచ్చి, గచ్చు, తలుపులు, రంగులు తానే వీలువెంబడి చేసికొనును.

ఇందు దోషమేమియు లేదు. అయినను ఒక ధర్మసందేహము కలుగును. గుత్తకిచ్చిన భాగమున తప్పు జరిగినచో అది ఎవరిది?

పాణిని మహర్షి కారక ప్రకరణమున దీనికి దారి చూపెను. క్రియయందు స్వతంత్రుడు కర్త. ఆ కర్తను ప్రేరేపించువాడు హేతువనబడును, కర్తయును అగును. మేస్త్రీ కట్టిన ఇంటిని చూపి యజమాని "నేను ఇల్లు కట్టితిని" అనును, ఎవరును ఆక్షేపింపరు. ఫలమును తనదనువాడు దోషమును మాత్రము పరునిదనుట ఎట్లు పొసగును?

గిట్టుబాటు కాని ధరకు బేరము కుదిర్చినవాడే ఇసుక హెచ్చి సిమెంటు తగ్గుటకు బీజము వేసినవాడు. అంతమాత్రమున మేస్త్రీకి విడుదల లేదు. చువ్వలు కాంక్రీటులో మరుగుపడును. అతని ధర్మము ఆ కానరానిచోటనే ఉన్నది. స్లాబు వేసిన పిదప కనీసము ఏడు దినములు, మిశ్రమ సిమెంటైనచో పది దినములు, తడి ఆరకుండ నీరు పట్టవలెను. ఆ పని తరచుగా యజమాని వంతు. అతడు మూడవనాడే మానివేసి, పిమ్మట పగులును చూపి మేస్త్రీని దూషించుట న్యాయమా?

ఇంతకన్న సూక్ష్మమైనది మరొకటి. లోపలి పనికి సొమ్ము చాలక, మేస్త్రీకి ఈయవలసిన కడపటి బాకీని నిలిపి, ఆ రొక్కముతో చలువరాళ్ళు పరచుకొనువారు కలరు. మేస్త్రీ వెనుక కూలీలు కలరు. పాలమూరు పల్లెలనుండి వచ్చి రెక్కలు ముక్కలు చేసికొనువారికి ఆ బాకీయే గ్రాసము. పనిలో లోపమున్నచో చెప్పి సరిచేయించుకొనవచ్చును. రంగులకు చాలలేదనుట కారణము కాదు. గోడలు సున్నము లేకయే ఒక సంవత్సరముండగలవు. కూలివాని పొయ్యి ఒక పూటయైన ఆరి యుండరాదు.

గృహప్రవేశమునాడు మేస్త్రీకి నూతన వస్త్రము లొసగుట మన పెద్దల ఆచారము. కట్టించినవాడు కట్టినవానికి ఋణపడి యున్నాడని దాని భావము. బాకీ ఉంచుకొని బట్టలు పెట్టుట ఆ ఆచారమును పరిహసించుటయే. ముందు కూలి తీర్చి, మిగిలినదానితో ఒక్క గదికి గచ్చు చేసికొని, అందు దీపము వెలిగించినవాని ఇల్లు అసంపూర్తిగ నున్నను భగవంతుడు అడుగిడదగిన ఇల్లగును.