పాలు పోస్తే సరిపోతుందా?

మా విచారణలో పెరిగి, నర్సు చదువు చదివి, ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి కిందటి క్రిస్మసుకు ఇంటికి వచ్చి నన్ను చూడవచ్చింది. మాటల మధ్యలో, "ఫాదర్ గారూ, నేనొక ప్రాణిని చంపబోయాను, అదీ ప్రేమతో" అన్నది. ఏమిటమ్మా ఆ కథ అని అడిగాను.

అంతకుముందు ఏడాది అక్టోబరులో ఒక పగటిపూట వాళ్ళ పెరట్లో ఒక హెడ్జ్‌హాగ్ పిల్ల కనిపించిందట. మన ఏదుపంది అనుకోకండి, అది వేరు. ఇది పెద్దదైనా రెండు అరచేతుల్లో ఇమిడిపోయే జంతువు. పురుగులు, వానపాములు తిని బతుకుతుంది. ఒంటిమీద 5,000కు పైగా ముళ్ళుంటాయి. భయం వేస్తే బంతిలా ముడుచుకుంటుంది. దీని బంధువు ఒకటి మన దక్షిణాది మెట్ట భూముల్లోనూ ఉంది గాని, రాత్రిపూట తిరిగేది కాబట్టి చూసినవారు తక్కువ. ఇంగ్లండులోదీ అంతే. అలాంటిది పట్టపగలు బయట పడి ఉందంటే సాధారణంగా దానికి ఏదో ఆపద వచ్చిందని అర్థం.

ఆ అమ్మాయి దాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టి, గిన్నెతో పాలు తెచ్చింది. "మనకు ప్రేమంటే పాలే కదా ఫాదర్!" అన్నది. పాలు పోసేముందు ఎందుకో అనుమానం వచ్చి, అటువంటి జంతువులను కాపాడే ఒక పెద్దావిడకు ఫోను చేసిందట. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పాలు పోయలేదు కదా?"

హెడ్జ్‌హాగ్ కడుపు ఆవుపాలను అరిగించుకోలేదు. కాని పోస్తే ఆశగా తాగుతుంది. ఆ తరువాత విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరు పోతుంది, బలహీనమైనదైతే చచ్చిపోతుంది. తాగుతూ ఉంటే చూసి మనం సంతోషిస్తాం. మన సంతోషానికి, దాని క్షేమానికి సంబంధమే లేదు.

మరి దానికి కావలసిందేమిటి? ముందు వెచ్చదనం. వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్ళు చల్లబడిన ప్రాణికి వెచ్చబడకముందే తిండి పెట్టకూడదు. తరువాత లోతులేని గిన్నెలో మంచినీళ్ళు, కుక్కలకో పిల్లులకో పెట్టే మాంసపు మేత. దాగడానికి కాగితాలో గుడ్డలో. అన్నిటికన్నా ముఖ్యం చీకటి, నిశ్శబ్దం. పిల్లలకు చూపించకూడదు, ఒళ్ళో పెట్టుకుని నిమరకూడదు. అది ఒంటరిగా బతికే జీవి, తోడు అక్కరలేదు. దానికి మహా ఇష్టమైన ఎండు పురుగులు అంగళ్ళలో దొరుకుతాయి. అవే అదేపనిగా పెడితే సున్నం చాలక ఎముకలు బోలిపోతాయి. ఇష్టమైనదల్లా మేలైనది కాదు!

చలికాలంలో అది నెలల తరబడి నిద్రపోతుంది. నిమిషానికి సుమారు 190 సార్లు కొట్టుకునే గుండె అప్పుడు 20 సార్లకు దిగుతుంది. ఒంట్లో కొవ్వు లేనిది ఆ నిద్రనుంచి లేవదు. పెరట్లో దొరికిన పిల్ల 300 గ్రాములు కూడా లేదట. అందుకే పెద్దావిడ దాన్ని చలికాలమంతా దగ్గర పెట్టుకుని, మందులిచ్చి, ఏప్రిల్‌లో ఒక రాత్రి మళ్ళీ ఆ పెరట్లోనే వదిలింది. "ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు ఫాదర్" అన్నది మన అమ్మాయి. ఆ గొంతులో కాస్త బాధ వినిపించింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ఆకలితో ఉన్న మనుషులుండగా ముళ్ళ జంతువు గొడవ మనకెందుకు? న్యాయమైన ప్రశ్నే. జంతువులను అనవసరంగా బాధించడం మానవ గౌరవానికి తగదని కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. ముందుగా మనుషుల కష్టం తీర్చవలసిన డబ్బును జంతువులమీద వెచ్చించడమూ తగదని ఆ చోటే చెబుతుంది. కాని ఆ జంతువుకు ఆపద ఎలా వచ్చింది? కంచెల పొదలు కొట్టినదీ, పురుగుమందులతో దాని తిండిని చంపినదీ, రోడ్లమీద కార్లు నడిపినదీ మనిషే. 2024లో ఐరోపా హెడ్జ్‌హాగ్‌ను ప్రమాదానికి దగ్గరపడిన జాతుల జాబితాలో చేర్చారు. మనం కలిగించిన నష్టానికి మనం చేసే ఉపకారం దానమా, బాకీ తీర్చడమా?

ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమాసు అక్వినాసు వారు నేర్పారు. గురువిద్యాలయంలో ఈ నిర్వచనం రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. మేలు అనేది కోరే నన్నుబట్టి కాక, పొందే ప్రాణి స్వభావాన్నిబట్టి నిర్ణయం కావాలని మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

చాలా ఏళ్ళ క్రితం నేను బోర్డింగు చూస్తున్న రోజుల్లో తల్లిలేని ఒక పిల్లవాణ్ణి చేరదీశాను. ఫీజులు నేనే కట్టాను. ఏం చదవాలో నేనే చెప్పాను. ఉద్యోగానికి ఉత్తరాలు నేనే రాశాను. ఇరవై ఆరేళ్ళు వచ్చాక కూడా ఒక దరఖాస్తు నింపడానికి నా దగ్గరకే వచ్చాడు. "ఫాదర్, మీరు లేకపోతే నాకు ఏమీ తోచదు" అన్నాడు. ఆ మాట విని నేను సంతోషించాను. నా తప్పు అక్కడుంది. వాడు ఆశగా తాగుతున్నాడు గదా అని నేను గిన్నె నింపుతూనే ఉన్నాను. ఈనాటికీ వాడికి తనమీద తనకు నమ్మకం లేదు.

మంచి సమరయుని కథ మనందరికీ తెలిసిందే. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, సత్రానికి చేర్చాడు, రెండు దీనారాలు ఇచ్చాడు. మరునాడు తన దారిన తాను వెళ్ళాడు. ఆ మనిషిని ఇంటికి తీసుకుపోయి జీవితాంతం తన దయకు సాక్షిగా నిలబెట్టుకోలేదు. సత్రం ఉన్నది కోలుకుని బయటికి వెళ్ళడానికి. కళ్ళు పోయినవో, కాలు పోయినవో కొన్ని జంతువులు తిరిగి బయట బతకలేవు. మన ఇళ్ళలోనూ తలుపు తీసినా వెళ్ళలేని వృద్ధులు, రోగులు ఉన్నారు. వారిని ఉంచుకోవలసిందే. అక్కడ కూడా ప్రశ్న ఒకటే: ఇది వారికి కావలసిందా, నేను ఇవ్వాలని ముచ్చటపడేదా?

ఇంగ్లండులో పశువులు దాటిపోకుండా రోడ్డుకు అడ్డంగా గొయ్యి తీసి, పైన ఇనుప కడ్డీలు పరుస్తారు. ఆ గోతుల్లో హెడ్జ్‌హాగ్‌లు పడి, ఎక్కలేక చనిపోయేవి. ఏడ్రియన్ కోల్స్ అనే విశ్రాంత మేజరు ఇది గమనించి, ప్రతి గోతిలోనూ అవి పైకి ఎక్కిరావడానికి ఒక వాలుబల్ల కట్టించాలని పట్టుబట్టాడు. 1982లో వాటి రక్షణకు ఒక సంఘమే స్థాపించాడు. వాలుబల్ల ఉన్న గోతిలో పడిన జంతువు తన కాళ్ళతో తానే ఎక్కి పోతుంది. కట్టించినవాడెవడో దానికి తెలియదు, కృతజ్ఞత చెప్పదు.

ప్రియ పాఠకులారా, మన పిల్లలకు, మన దగ్గర పనిచేసేవారికి, మన విచారణలోని పేదలకు మనం పాలే పోస్తున్నామా, వాలుబల్ల కడుతున్నామా? ఈ ప్రశ్న ముందుగా నాకు నేనే వేసుకుంటున్నాను.