నిర్వేదం – అనిర్వేదం

బ్రతుకు మీద ఎప్పుడో ఒకప్పుడు విసుగు పుట్టని మనిషి ఉండడు. అయితే విసుగు వేరు, నిర్వేదం వేరు. విసుగు ఒక రోజు మీదనో, ఒక పని మీదనో కలుగుతుంది. నిద్రపోయి లేస్తే తగ్గుతుంది. నిర్వేదం జీవితం మొత్తానికి లెక్క కట్టి, ఇక మిగిలింది ఏమీ లేదని తీర్పు చెబుతుంది. ఆ తీర్పు తరువాత కూడా ఆశతో ఉండడానికి హేతువు ఉన్నదా?

ఈ ప్రశ్నకు సుందరకాండలో గొప్ప సమాధానం ఉంది. లంకలో అంతఃపురాలన్నీ గాలించినా సీత కనబడక హనుమంతుడు క్రుంగిపోయాడు. అలా క్రుంగకూడదని తనకు తానే బోధించుకుని మళ్ళీ వెదికాడు. ఆ పట్టుదలకు వాల్మీకి వాడిన మాట అనిర్వేదం. అయినా సీత దొరకలేదు. రెండవసారి వచ్చిన దుఃఖం ఇంకా లోతైనది. తాను వట్టి చేతులతో తిరిగి వెళితే రాముడు బ్రతకడు, ఆ వెనుక లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరులు అందరూ నశిస్తారు అని ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోయి, తాను ప్రాణం విడవడమే మేలనేదాకా వచ్చాడు. హనుమంతుడంతటి బుద్ధిశాలికి వచ్చిన ఆలోచనను పిరికితనమని ఎవరు అనగలరు?

మేము వైద్యులం డిప్రెషన్ అని పిలిచే జబ్బులో మనసు నడిచే తీరు ఇదే. ఒక్క వైఫల్యం నుండి సర్వనాశనం దాకా ఒకే పరుగు. అడుగడుగూ సక్రమంగానే తోస్తుంది. లోపమంతా మొదటి అడుగులో ఉంది. ఇంకా వెదకని అశోకవనం ఒకటి ఉంది. సీత అక్కడే ఉంది. దుఃఖం నిజమే, లెక్క మాత్రం తప్పు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలోనే మంచిర్యాల జిల్లా విద్యార్థిని ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే అది 99 మార్కులు!

అందరి సున్నాలూ తొంభైతొమ్మిదులు అవుతాయా అని మీరు అడగవచ్చు. కావు. పోయినవారు తిరిగి రారు, కొన్ని జబ్బులు నయం కావు. అందుచేత ఆశ అంటే అంతా మంచే జరుగుతుందనే నమ్మకం అయితే అది నిలవదు. అలసిన మనసుతో ఆఖరి లెక్క వ్రాయకుండా ఉండడమే అనిర్వేదం. శాన్ ఫ్రాన్సిస్కోలో 1937–1971 మధ్య ప్రాణం తీసుకోబోతుండగా ఇతరులు ఆపిన 515 మందిని గూర్చి రిచర్డ్ సైడెన్ 1978లో ఒక పరిశోధన ప్రకటించారు. వారిలో సుమారు 94 శాతం మంది అప్పటికి జీవించి ఉన్నారు, లేదా సహజంగా మరణించారు. వారి కష్టాలన్నీ తీరాయని కాదు. ఆ ఘడియ దాటింది, అంతే.

అయితే ఆ ఘడియను ఒంటరిగా దాటడం అందరికీ సాధ్యం కాదు. అశోకవనంలో సీతకు ధైర్యం చెట్టు మీది నుండి వినవచ్చింది. ఏ భాషలో పలికితే ఆమె బెదరకుండా ఉంటుందో ఆలోచించుకుని మరీ హనుమంతుడు నోరు విప్పాడు. జురాంగ్ వెస్ట్‌లో ఉంటున్న మనకు ఇందులో ఒక కర్తవ్యం ఉంది. పక్క బ్లాకులోనో, కార్మికుల వసతి గృహంలోనో మాటా పలుకూ తగ్గిన తెలుగువాడు కనబడితే, "ఏం తమ్ముడూ, బ్రతకాలని లేదా?" అని తెలుగులో సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. తీరికగా వినండి, డాక్టరు దగ్గరకు వెంట వెళ్ళండి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో అతని ఆశను మనం మోయాలి.

సింగపూరులో ఆత్మహత్యాయత్నం 2020 జనవరి 1 నుండి నేరం కాదు. చట్టం విడిచిపెట్టిన మనిషిని పరువు పేరుతో మనం శిక్షించవద్దు. 1969 నుండి పనిచేస్తున్న సమారిటన్స్ ఆఫ్ సింగపూర్ వారి ఫోను 1767 రాత్రింబవళ్ళు పలుకుతుంది. స్వదేశంలో ఉన్నవారికి టెలీ మానస్ 14416 ఉంది. ఈ రెండు నంబర్లూ ఇంట్లో గోడ మీద వ్రాసి ఉంచండి.