చికిత్సయు శరణాగతియు

శరీరము ధర్మసాధనమని పెద్దలు నిర్ణయించిరి. సాధనమును కాపాడుకొనుట ధర్మమే. అయితే ఆ సాధనము శిథిలమగుచున్న వేళ దానిని ఎంతవరకు నిలుపుకొనవలయును, ఎక్కడ విడువవలయును అను ప్రశ్న ఆస్తికుల ఇండ్లలో పుట్టుచునే యున్నది. రాచపుండని పూర్వులు పిలిచిన క్యాన్సరు పుట్టినచోట నిలువక ఇతర అవయవములకు ప్రాకినప్పుడు ఈ ప్రశ్న మిక్కిలి కఠినమగును.

గోదావరిఖనిలో 30 ఏండ్లు సింగరేణి గనులలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక కార్మికుని ఊహింపవచ్చును. నిత్యము తిరుమణి ధరించువాడు. ఏటేట ధర్మపురి నరసింహస్వామిని దర్శించువాడు. పెద్దప్రేగులోని కణితిని తొలగించిన రెండేండ్లకు అతని కాలేయములో రెండు మచ్చలు, వెన్నెముకలో ఒకటి స్కానింగునందు కనబడినవి. మచ్చలు కొన్నియే గనుక ఆయా స్థానములకు మాత్రమే చికిత్స చేయవచ్చునని హైదరాబాదు వైద్యులు చెప్పిరి. ఆ రాత్రి ఇంటిలో మూడు మాటలు పుట్టినవి. ఉన్న పొలమమ్మియైనను అన్ని చికిత్సలు చేయింపవలెనని కుమారుడనెను. ఒళ్ళంతా ప్రాకిన వ్యాధికి ఒకచోట చికిత్స వృథా అని అల్లుడనెను. స్వామిపై భారము వేసిన తరువాత ఇక ఆస్పత్రులెందుకని ఇల్లాలనెను. ముగ్గురును ఏకీభవించిన మాట ఒక్కటే: “బాపుకు ఈ సంగతి చెప్పవద్దు.”

మొదట అల్లుని మాట. వ్యాపించిన వ్యాధి విషయమున వైద్యులును చాలకాలము ఇట్లే తలచిరి. వ్యాధి ఒక్కచోట నుండుటకును, అంతటను ప్రాకుటకును నడుమ, కొద్ది స్థానములకే పరిమితమైన అవస్థ యొకటి కలదని 1995లో అమెరికా వైద్యులు శామ్యూల్ హెల్మన్, రాల్ఫ్ వైక్సెల్‌బామ్ ప్రతిపాదించిరి. అట్టి మచ్చలను శస్త్రచికిత్సతో తొలగింపవచ్చును. సూది వంటి పరికరము గ్రుచ్చి వేడితో మాడ్పవచ్చును. లేదా గురిచూచి తీవ్రమైన రేడియేషన్ ఇవ్వవచ్చును. ఐదింటికి మించని మచ్చలుగల 99 మందిపై కెనడా మొదలగు దేశములలో జరిగిన పరిశీలన ఫలితములు 2020లో వెలువడినవి. మామూలు చికిత్సతోపాటు మచ్చలకు రేడియేషన్ పొందినవారిలో ఐదేండ్లు జీవించినవారు నూటికి సుమారు 42 మంది. పొందనివారిలో సుమారు 18 మంది. కాని రేడియేషన్ పొందిన 66 మందిలో ముగ్గురి మరణము ఆ చికిత్సతోనే ముడిపడియున్నది. 2022లో రొమ్ము క్యాన్సరు రోగులు 125 మంది విషయమున వెలువడిన ఫలితములలో ఇట్టి లాభము కనబడలేదు. కావున ఒకచోటి చికిత్స వృథా అనుటయు తప్పే, తప్పక ఫలించుననుటయు తప్పే. ఏ వ్యాధి, ఎన్ని మచ్చలు, ఎక్కడ అనుదానిని బట్టి ఫలితము మారును.

అంతేకాదు, ఆయుర్దాయము పెంచుట ఒక్కటియే చికిత్సకు ప్రయోజనము కాదు. ప్రజలు కరెంటు పెట్టుట అని చెప్పుకొను రేడియేషన్ ఒక్కమారు ఇచ్చినను, ఎముకలోని నొప్పి పలుదినముల చికిత్సతో తగ్గునంతగా తగ్గుచున్నది. కొందరికి మాత్రము మరల ఇవ్వవలసి వచ్చును. కణితి వెన్నుపామును నొక్కునప్పుడు సకాలమున చేసిన చికిత్స కాళ్ళు పడిపోకుండ కాపాడవచ్చును.

గనిలో పనిచేసినవానికి ఈ వివేకము క్రొత్తది కాదు. పైకప్పును కర్రతో తట్టి, ధ్వనిని బట్టి దాని స్థితి తెలిసికొందురు. ఒకచోట వదులైనచో అచ్చట దుంగ నిలిపి, బోల్టు బిగించి పని సాగింతురు. ఆ దుంగ గనియంతటిని మోయదు; దాని క్రింద నున్న మనుష్యుని కాపాడును. కప్పంతయు పగులువారి శబ్దము చేయునప్పుడు సర్దారు అందరిని వెలుపలికి రప్పించును. దుంగ నిలుపుట వ్యర్థము కాదు. వెలుపలికి వచ్చుట పిరికితనము కాదు. ఏది ఎప్పుడని తెలియుటకు ముందుగా కప్పును తట్టి వినవలయును.

ఇక కుమారుని మాట. తండ్రికై పొలమమ్ముటకు సిద్ధపడుట పుత్రధర్మమునకు తగినదే. కాని అన్నియు చేయింపవలెననుటలో తండ్రికి కావలసినదేమో విచారణ లేదు. ఏమియు మిగుల్చలేదను తృప్తి తనకు కలుగవలెనను కోరికయు అందులో కొంత దాగియుండును. కుమారుని మనశ్శాంతికై తండ్రి శరీరము కోతలను, వాంతులను, ఆస్పత్రి మంచమును భరింపవలయునా?

ఇల్లాలి మాట భక్తితో పలికినది. కాని శరణాగతి యనగా రక్షణభారమును స్వామికి అప్పగించుటయే గాని, స్వామి ఇచ్చిన సాధనములను త్రోసిపుచ్చుట కాదు. గీత పదునెనిమిదవ అధ్యాయమున కార్యసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు కారణములు చెప్పబడినవి. దైవము ఐదవది యనినందున తక్కిన నాలుగును లేకపోలేదు. మర్కటకిశోర న్యాయమును చెప్పువారును, మార్జాలకిశోర న్యాయమును చెప్పువారును ఆకలికి అన్నము తినుచునే యున్నారు. శ్రీనివాసుని సేవించు తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యముననే తిరుపతిలో స్విమ్స్ వైద్యశాల 1993లో సేవలు ప్రారంభించినది. అట్లే, ప్రయోజనము లేదని తెలిసిన చికిత్సను వలదనుట ఆత్మహత్యయును కాదు.

ఈ మూడు మాటలలోను కొంత సత్యము కలదు. ముగ్గురును ఏకీభవించిన నాలుగవ మాటయందే దోషము కలదు. పరీక్షిన్మహారాజు కథ ఇందుకు నిదర్శనము. ఏడవనాడు తక్షకుని విషమున రాజు మరణించునని శమీకముని కుమారుడు శపించెను. ముని ఆ శాపమునకు వగచినను దానిని దాచలేదు. శిష్యుని పంపి రాజునకు తెలియజేసెను. భారతమున రాజు ఒంటిస్తంభపు మేడలో వైద్యులను, ఔషధములను సమకూర్చుకొని రక్షణకు యత్నించెను. భాగవతమున గంగాతీరమున ప్రాయోపవిష్టుడై శుకుని వలన హరికథలు వినెను. ఒకటి ప్రయత్నము, మరియొకటి సమర్పణము. ముని కబురు పంపకున్నచో రాజునకు ఆ మేడయు లేదు, ఆ శ్రవణమును లేదు. ఏడు దినములును ఎరుగకుండ గడచిపోయెడివి.

రోగికి దాచుటను దయ యందురు. కాని తనకేమగుచున్నదో కళ్ళు తుడుచుకొను భార్యను చూచియే అతడు గ్రహించును; గ్రహించియు ఒంటరిగా మోయును. చెప్పుట యనగా గడువు విధించుట కాదు. అతడడిగినంత, అతడు భరింపగలిగినంత, ప్రియముగా, అసత్యము లేకుండ చెప్పుటయే. పిమ్మట అందరును కలిసి వైద్యుని మూడు ప్రశ్నలు అడుగవలయును: ఈ చికిత్స వ్యాధిని తొలగించుటకా, కాలము పొడిగించుటకా, బాధ తగ్గించుటకా? అందువలన కలుగు కష్టమేమి? చేయింపనిచో జరుగునదేమి? చికిత్స వలదనుకొన్నను సేవ ఆగిపోదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలోను, తెలంగాణలోని పలు జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రులలోను నొప్పిని ఉపశమింపజేయు సేవలు కలవు.

ఆ వృద్ధుడేమి కోరునో ఇతరులు ముందుగా నిర్ణయింపజాలరు. కాలేయమునకును చికిత్స చేయించుకొని మనుమరాలి పెండ్లి చూచెదననవచ్చును. వెన్నునొప్పి తగ్గి, ధర్మపురిలో గోదావరి మెట్లు తన కాళ్ళతో దిగి స్నానమాడి, నరసింహుని ఎదుట నిలిచిన చాలుననవచ్చును. రెండును ధర్మమునకు విరుద్ధములు కావు. ఆ మాట అతని నోట వెలువడునట్లు చేయుటయే ఆ ఇంటివారు అతనికి చేయదగిన మొదటి సేవ.