ఇటుక మీద నిలబడ్డ స్వామి, మా ఇంట్లో ఏడు రోజులు

జై పాండురంగ!

ఇంట్లో జ్వరాలు వస్తే నిత్యపూజ, పండుగ ఆపొచ్చా? ఆపితే అపచారం కాదా? ఈ సందేహం చాలామందికి ఉంటుంది. ఒకప్పుడు మా ఇంట్లోనూ వచ్చింది. అప్పుడు జరిగిందే చెప్తాను.

2022 జనవరి 13, ముక్కోటి ఏకాదశి. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నారాయణఖేడ్‌లో మా ఇంట్లోనే ఉన్నాను. ముందు రోజు రాత్రి నుంచే నాన్నకు గొంతు గరగర. అయినా తెల్లవారుజామునే గుడికి వెళ్ళొచ్చి, పక్కింటి పెద్దమ్మకు తీర్థం ఇచ్చి వచ్చారు. నాకు అనుమానం వచ్చింది. కానీ పండుగ పూట ఎందుకులే అని నోరు మెదపలేదు.

మర్నాడు భోగి. నాన్నకు, అమ్మకు, నాకు పాజిటివ్. నాయనమ్మకు మాత్రం నెగెటివ్. ఆక్సిజన్ 97 ఉంది, ఆయాసం లేదు. డాక్టరు గారు "మైల్డే, భయం లేదు" అన్నారు. అప్పటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆక్సిజన్ 93 పైన ఉంటే ఇంట్లోనే ఉండొచ్చు. పాజిటివ్ వచ్చాక కనీసం 7 రోజులు గడిచి, వరుసగా 3 రోజులు జ్వరం లేకపోతే ఐసోలేషన్ అయిపోయినట్టే.

అసలు సమస్య జ్వరం కాదు. అమ్మ సంక్రాంతికి పేరంటం పిలిచింది. "మైల్డే కదరా, ఒళ్ళు నొప్పులని చెప్పు. కరోనా అంటే నలుగురూ ఏమనుకుంటరు?" అంది. నాయనమ్మేమో షుగర్ ఉన్న మనిషి. "ముగ్గురూ పడుకుంటే రొట్టెలెవరు చేస్తరు బిడ్డా?" అని మా గది గుమ్మం దాకా వచ్చేసింది. దేవుడి గది మధ్య గదిలో ఉంటుంది. నాన్నకు అటు వెళ్ళడానికి లేదు. ఒక్కరోజు కూడా దీపం మానని మనిషి, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడే నాకు పుండలీకుడు గుర్తొచ్చాడు. మా ఊరు అటు మహారాష్ట్రకీ, ఇటు కర్ణాటకకీ దగ్గర. పాండురంగడు మాకు పరాయివాడు కాదు. తల్లిదండ్రులను కష్టపెట్టిన పుండలీకుడు బుద్ధి తెచ్చుకుని, వాళ్ళ సేవలో మునిగిపోయాడు. సాక్షాత్తూ స్వామి గుమ్మంలోకి వస్తే, సేవ మధ్యలో లేవలేదు. ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడమన్నాడు. స్వామికి కోపం రాలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పండరీపురంలో ఇప్పటికీ అలాగే ఉన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. వచ్చినవాడు దేవుడు, ఆగమన్నవాడు భక్తుడు. అమ్మానాన్నల సేవ కోసం స్వామి ఆగాడు. పెద్దవాళ్ళ ప్రాణం కోసం మన పేరంటం ఆగదా? పుండలీకుడికి సేవ అంటే కాళ్ళ దగ్గర కూర్చోవడం. ఆ వారం నాకు సేవ అంటే నాయనమ్మకు దూరంగా ఉండటం. ధర్మం ఒక్కటే, చేసే పద్ధతి మారింది.

ఇంకో మాట. "మైల్డ్" అన్నది మన రిపోర్టు. పక్కింట్లో అది మైల్డ్‌గానే ఉంటుందని ఎవరు చెప్పారు?

ఫోన్ తీసి మొదట పెద్దమ్మకే చేశాను. "నిన్ననే చెప్పాల్సింది, తప్పు నాదే పెద్దమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడన్నా చెప్పినవ్. మనవరాలిని దగ్గరికి రానియ్య" అంది. పేరంటానికి పిలిచిన వాళ్ళందరికీ అమ్మే ఫోన్ చేసింది. నాయనమ్మ వెనక గదికి మారింది. పూటపూటా రొట్టెలు పెద్దమ్మ వాళ్ళింటి నుంచే గేటు మీదికి వచ్చాయి. నాన్న మంచం మీదే కళ్ళు మూసుకుని మానసపూజ మొదలుపెట్టారు. దీపం, పువ్వు, నైవేద్యం అన్నీ మనసులోనే. మానసపూజ పెద్దలు చెప్పిన మార్గమే, తక్కువదేమీ కాదు.

జనవరి 21కి ఏడు రోజులు పూర్తయ్యాయి. రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది కూడా ఆ రోజే. కొన్నాళ్ళకు ఆశా కార్యకర్త మా గల్లీకి వచ్చి, "ఇంట్ల ఎవరికన్నా జ్వరముందా అమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది: "పోయిన వారం ముగ్గురికుండె. కరోనానే."

కాబట్టి మిత్రులారా, ఒంట్లో బాగోలేనప్పుడు పూజ ఆగిందని కుమిలిపోకండి. స్వామికి ఒక ఇటుక వేయండి, ఆయన నిలబడతాడు. పక్కింటివాళ్ళకు మాత్రం నిజం ఆలస్యం చేయకండి.

జై పాండురంగ! సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.